మేడిని కొలిచినట్టే హ్యాండిల్‌ని

మద్నూర్ నుంచి డోంగ్లి వైపు పొద్దున పూట బండ్ల మీద వచ్చేవాళ్లను ఓ గంట నిలబడి చూడండి. ప్రతి నలుగురైదుగురిలో ఒకరు ఎడమ చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, గాలిలో నాలుగుసార్లు దులిపి, వేళ్లు ముడిచి విప్పి, మళ్లీ పట్టుకుంటారు. బండి నడుస్తూనే ఉంటుంది. కుడిచెయ్యికి ఆ వీలు లేదు. అది ఎక్సలేటర్‌ని వదిలితే బండి ఆగిపోతుంది. దాని వంతు బండి స్టాండు వేశాకే వస్తుంది. డోంగ్లిలో చాయ్ హోటల్ ముందు బండి ఆపిన మనిషి గ్లాసు అందుకునే ముందు కుడిచేతి బొటనవేలితో అరచేతిని ఎడాపెడా రుద్దుకోవడం చాలాసార్లు చూశాను. ఎందుకలా అని అడిగితే, "తిమ్మిరి సార్, బండి నడిపితే గట్లనే ఉంటది" అంటారు. ఎండాకాలంలో ఎండ కాసినట్టు, బండి నడిపితే తిమ్మిరి రావడం మామూలే అన్నట్టు.

అది మామూలు కాదని చెప్పడానికే ఈ కథనం.

డోంగ్లి కామారెడ్డి జిల్లా పడమటి కొస. 2022లో మద్నూర్ నుంచి వేరుపడి కొత్త మండలమైంది. ఒకవైపు మహారాష్ట్ర, ఇంకాస్త పోతే కర్ణాటక. ఊళ్లో తెలుగు ఎంత వినబడుతుందో మరాఠీ అంత వినబడుతుంది. నల్లరేగడి నేల. పత్తి, సోయా, కంది. జిల్లా కేంద్రం కామారెడ్డికి పోవాలంటే బిచ్కుంద, బాన్సువాడ దాటుకుంటూ సగం పూట ప్రయాణం. దవాఖానాకైనా, బ్యాంకుకైనా, పత్తి అమ్మకానికి మద్నూర్‌కైనా, సామాన్లకు సరిహద్దు దాటి దెగ్లూర్‌కైనా కదిలేది బండి మీదే. బస్సు టైముకు వస్తుంది, పని టైముకు రాదు. అందుకే ఇక్కడ మోటార్ సైకిల్ సోకు వస్తువు కాదు. ఇంట్లో ఎడ్ల జత ఉండే చోట ఇప్పుడు అది ఉంది. విత్తనాల సంచి, ఎరువు బస్తా, పాల క్యాన్లు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు, మొక్కజొన్న కట్ట, అన్నీ దాని మీదే.

ఎడ్ల జత అన్నాను కాబట్టి నాగలి సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు వానాకాలం ముందు వడ్లాయన ఇంటికి వచ్చేవాడు. పాత నాగలి బాగు చేయడమో, కొత్తది చెక్కడమో. అన్నిటికంటే ఆఖరున మేడి బిగించేవాడు. మేడి అంటే దున్నేవాడి చెయ్యి పట్టుకునే పిడి. బిగించే ముందు మా నాయనను నాగలి వెనక నిలబడమనేవాడు. "చెయ్యి కిందికిడువు పటేలా, బిగబట్టకు" అనేవాడు. వదిలిన చెయ్యి మోచేతి దగ్గర కొంచెం మడతపడి ఎక్కడ నిలిస్తే అక్కడ బొగ్గుతో గీత పెట్టేవాడు. మేడి ఆ గీతకే. మా చిన్నాయన మా నాయన కంటే జానెడు పొట్టి. ఆయన మా నాగలి పట్టిన రోజు సాయంత్రం భుజాలు నొస్తున్నాయని కూర్చునేవాడు. మేడి ఎత్తైతే చెయ్యి పైకి లేచిపోతుంది, నొక్కే బలం దొరకదు, కర్రు మట్టిలో దిగదు. పొట్టిదైతే మనిషి రోజంతా వంగాలి, నడుం విరుగుతుంది. ఆ వడ్లాయన ఏ బడిలో చదువుకోలేదు. కాని పనిముట్టు మనిషికి తగ్గట్టు ఉండాలి తప్ప మనిషి పనిముట్టుకు తగ్గట్టు వంగకూడదని ఆయనకు తెలుసు.

బండి విషయంలో ఆ తెలివి ఎక్కడో జారిపోయింది. ఐదడుగుల రెండంగుళాల మనిషీ, ఆరడుగుల మనిషీ ఒకే షోరూంలో ఒకే బండి కొంటారు. హ్యాండిల్ కంపెనీలో ఎలా బిగించారో అలాగే ఉంటుంది. పదేళ్లు నడిపి అమ్మేస్తారు. ఆ నాలుగు బోల్టులు ఒక్కసారీ విప్పరు.

చిటికెన వేలా, బొటనవేలా

తిమ్మిరి ఎక్కడ వస్తుందో చూసుకుంటే కారణం సగం తెలుస్తుంది. అరచేతిలోంచి వేళ్లకు పోయే నరాలు ప్రధానంగా రెండు. ఒకటి మణికట్టు మధ్యలో ఇరుకైన సందులోంచి పోయి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు సగానికి స్పర్శ ఇస్తుంది. మణికట్టు పైకో కిందికో వంగి గంటల తరబడి అలాగే ఉంటే ఈ సందు నొక్కుకుపోతుంది. రెండోది అరచేతి బయటి అంచున, చిటికెన వేలి మొదలు దగ్గరుండే మెత్తటి కండ కిందుగా పోతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు మిగతా సగం దానివి. ఒంటి బరువంతా ముందుకు ఒరిగి అరచేతి మడమ మీద పడితే ఇది నలుగుతుంది. సైకిల్ పందేలవాళ్లకు ఈ బాధ మామూలు. అందుకే డాక్టర్లు దానికి హ్యాండిల్ పేరే పెట్టారు.

బొటనవేలి వైపు తిమ్మిరి అయితే మణికట్టు వంపు చూసుకోవాలి. చిటికెన వేలి వైపు అయితే బరువు ఎక్కడ ఆనుతోందో చూసుకోవాలి. రెండూ హ్యాండిల్ ఉన్న తీరులోంచే వస్తాయి.

మూడోది అదురు. మన బండ్లలో ఎక్కువ భాగం ఒకే సిలిండర్‌వి. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 80కి పైగా. ప్రతి చుట్టుకూ ఓ చిన్న కుదుపు ఆ ఇనుప గొట్టంలోంచి చేతికి చేరుతుంది. దానికి రోడ్డు గుంతలు కలుస్తాయి. రాళ్లు పగలగొట్టే యంత్రాలు, చెట్లు కోసే రంపాలు ఏళ్ల తరబడి పట్టుకున్న కూలీల వేళ్లు తెల్లబడి మొద్దుబారిపోయే జబ్బు ఒకటుంది, అది ఈ అదురు వల్లే. బండి అంత పని చేయదు. కాని బిగపట్టి పట్టుకున్న చేతికి అదురు ఎక్కువ ఎక్కుతుంది. బిగపట్టడం ఎందుకు? హ్యాండిల్ అందనంత దూరంగా ఉండటం వల్ల.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. బండి దిగాక పావుగంటలో పోయే తిమ్మిరి వేరు. రాత్రి నిద్రలో లేపే తిమ్మిరి వేరు. రెండోది వస్తుంటే, చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే, షుగర్ ఉంటే, మెకానిక్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలి.

నేను చేసిన తప్పు

ఆరేళ్ల కింద నాకూ ఈ బాధ మొదలైంది. మెడ వెనక ఓ ముడి, కుడిచేతి మూడు వేళ్లు మొద్దు. ఒక టౌనులో ఒక షాపులో ఎత్తు హ్యాండిల్ చూపించారు. తళతళలాడుతోంది. కూర్చుంటే గుర్రం మీద కూర్చున్నట్టుంది. ముప్పావు గంటలో బిగించి ఇచ్చారు. తిన్నటి రోడ్డు మీద హాయిగా పోయాను. ఊరి దగ్గర ఎడమకు తిరిగే చోట హ్యాండిల్ పూర్తిగా తిప్పగానే ఇంజన్ తనంతట తాను గర్జించింది. నేను ఎక్సలేటర్ ఇవ్వలేదు. బండి ముందుకు దూకింది. బ్రేకు పట్టి కంప చెట్టు అంచున ఆపాను. మోకాలు చీరుకుపోయింది. బండి వెనక సీటు మీద మా అబ్బాయి లేడు, అదే నా అదృష్టం.

జరిగింది చిన్న విషయమే. హ్యాండిల్ ఎత్తు పెరిగింది, ఎక్సలేటర్ వైరు పొడవు పెరగలేదు. తిన్నగా ఉన్నంతసేపు వైరు బిగుసుకుని ఉన్నా సరిపోయింది. తిప్పగానే అది లాగుకుని, ఎవరో పిడి తిప్పినట్టు అయింది. ఎత్తు హ్యాండిల్ వేసినవాళ్లు ఎవరైనా సరే, షాపులోంచి బయటికి రాకముందే ఈ ఒక్క పరీక్ష చేసుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ మామూలుగా ఆడనివ్వండి. హ్యాండిల్‌ని ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా నెమ్మదిగా తిప్పండి. ఇంజన్ శబ్దం రవ్వంత మారినా ఆ బండి రోడ్డెక్కకూడదు. క్లచ్ వైరు, ముందు బ్రేకు వైరు, డిస్కు బ్రేకైతే ఆయిల్ పైపు, లైట్ల వైర్లు అన్నీ ఆ చివరా ఈ చివరా వదులుగా కదలాలి. ఎక్కడా బిగుసుకోకూడదు, ఎక్కడా నలగకూడదు. తిప్పినప్పుడు పిడికిలికీ ట్యాంకుకీ మధ్య వేళ్లు పట్టేంత సందుండాలి.

ఆ హ్యాండిల్ తీసేయించాను. మెడ నొప్పి మాత్రం అలాగే ఉంది.

రేకుల షెడ్డులో ఒక మధ్యాహ్నం

ఆ మెడ నొప్పిని పోగొట్టింది రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఉండే ఒక మెకానిక్. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడతాడు. చేతుల మీద నల్లటి గ్రీజు గీతలు ముదిరిపోయి చర్మంలో కలిసిపోయాయి. నేను నొప్పి సంగతి చెబుతుంటే ఆయన బండిని చూడలేదు, నన్ను చూశాడు. "కూసో దాదా" అన్నాడు. సెంటర్ స్టాండు మీదున్న బండెక్కి కూర్చున్నాను. "చేతులు తొడల మీద పెట్టు. కండ్లు మూసుకో. ఇగ చేతులు లేపి హ్యాండిల్ యాడున్నదనిపిస్తె ఆడ పట్టు."

పట్టాను. నా చేతులు గ్రిప్పులకు రెండు వేళ్లు ఇవతలే గాలిలో ఆగాయి. వడ్లాయన బొగ్గు గీత నాకు అక్కడే గుర్తొచ్చింది.

ఆయన ముందు మేకు మొనతో హ్యాండిల్ మీద, క్లాంపు అంచు దగ్గర, సన్నటి గీత గీశాడు. పాత చోటు గుర్తుండటానికి, నచ్చకపోతే మళ్లీ అక్కడికే తెచ్చుకోవడానికి. రింగు పానాతో నాలుగు బోల్టులూ సగం వదులు చేశాడు. హ్యాండిల్ గొట్టాన్ని నా వైపు తిప్పాడు. ఎంత? గీత క్లాంపు అంచు నుంచి గోరు మందం కదిలింది. అంతే. గొట్టం దగ్గర గోరు మందమంటే గ్రిప్పు చివర దగ్గరికి వచ్చేసరికి అంతకు ఎన్నో రెట్లు. ఆ తర్వాత బోల్టులు బిగించేటప్పుడు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోలేదు. ఇది కొంచెం, అది కొంచెం, అటు కొంచెం, ఇటు కొంచెం. ఒక పక్కే బిగిస్తే క్లాంపు వంకరగా కూర్చుంటుంది, కుదుపులకు హ్యాండిల్ జారుతుంది.

తర్వాత ఆయన చేసిన పనిని నేను అసలు ఊహించలేదు. క్లచ్, బ్రేకు లివర్ల బోల్టులు వదులు చేశాడు. "నాలుగు వేళ్లు లివర్ల మీద పెట్టి చెయ్యి తిన్నగ చాపు" అన్నాడు. నా లివర్లు నేలకు సమాంతరంగా ఉన్నాయి. వాటిని అందుకోవాలంటే మణికట్టును పైకి విరవాలి. ఇన్నేళ్లూ బ్రేకు పట్టిన ప్రతిసారీ విరుస్తూనే ఉన్నాను. ఆయన రెండు లివర్లనూ కిందికి వంచాడు, మోచేతి నుంచి వేలి కొన దాకా ఒకే గీతలా వచ్చేదాకా. క్లచ్ వైరు సర్దాడు. లివరు చివర దగ్గర పట్టి చూస్తే సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఆట ఉండాలన్నాడు. అరిగిపోయి గట్టిబడిన గ్రిప్పులు కోసి తీసి కొత్తవి ఎక్కించాడు. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్‌ని అటూ ఇటూ వదిలి చూశాడు. హ్యాండిల్ తిరిగే బేరింగ్, అంటే కోన్‌సెట్, బాగుంటే హ్యాండిల్ దానంతటది మెత్తగా పోయి చివర ఆగాలి. మధ్యలో టక్కుమని ఆగితే లోపల గోళీలు తిన్న గుంతలున్నట్టు. అలాంటి బండిని తిన్నగా నడపడానికి చేతులు క్షణక్షణం చిన్న కుస్తీ పడుతుంటాయి, మనకు తెలియకుండానే. చివరగా టైర్లలో గాలి చూశాడు. ముందు టైరు రాయిలా ఉంది. ఎక్కువ బరువేస్తాం కదా అని వెనక నింపినట్టే ముందూ నింపేస్తారు. బండి పుస్తకంలో రాసిన లెక్కకు దించాడు.

తేడా తెలుసుకోవడానికి మెడ తిప్పి చూసుకునే పని లేదు. రోడ్డెక్కిన రెండో నిమిషంలో భుజాలు చెవుల దగ్గర నుంచి కిందికి దిగాయి. అవి అంత పైకెక్కి ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

కొత్త సామాను ఖర్చు గ్రిప్పులకే.

ఎత్తు పెంచాల్సిందే అనుకునేవాళ్లకు

ఇంత చేసినా కుదరని వాళ్లుంటారు. బాగా పొడుగైనవాళ్లు, నడుం డిస్కు జారినవాళ్లు, ముందుకు వాలి కూర్చోవాల్సిన బండ్లు కొన్నవాళ్లు. పల్సర్ 220 లాంటి బండ్లలో హ్యాండిల్ ఒకే గొట్టం కాదు, రెండు ముక్కలు విడివిడిగా షాకప్సర్ గొట్టాలను పట్టుకుని ఉంటాయి. అక్కడ తిప్పుకునే వీలు లేదు. పొడుగు ప్రయాణాల రైడర్లు క్లాంపు కింద దిమ్మెలు వేసి హ్యాండిల్‌ని అంగుళం దాకా లేపుకుంటారు. రైజర్లంటారు వాటిని. మంచి సరుకు, సరైన పొడవు బోల్టులు, వైర్ల సర్దుబాటు ఉంటే పనికొచ్చేవే. ఊళ్లో లేతులో కోయించిన దిమ్మెలతో, పాత బోల్టుల చివరి రెండు మరలు మాత్రమే పట్టేలా బిగించిన వాటిని కూడా చూశాను. గుంతలో పడ్డ రోజున మనిషి చేతిలో హ్యాండిల్ మిగులుతుంది, బండి వేరే దారిన పోతుంది.

వెల్డింగ్ చేసి ఎత్తు పెంచిన హ్యాండిల్ జోలికి అసలు పోవద్దు. బండి పడ్డాక వంగిన హ్యాండిల్‌ని పైపు వేసి సాపు చేయించడం కూడా అంతే. వంచి సాపు చేసిన చోట ఇనుము లోపల అలసిపోయి ఉంటుంది, క్రోమ్ మెరుపు కింద చీలిక కనబడదు. కొత్త గొట్టం కొనడమే దారి.

ఎక్కువ ఎత్తు వల్ల ఇంకో చిక్కుంది, మా వైపు రైతులకు అది ముఖ్యం. హ్యాండిల్ ఎత్తైతే మనిషి నిటారుగా వెనక్కి కూర్చుంటాడు. వెనక రెండు పాల క్యాన్లో, ఎరువు బస్తానో ఉంటే ముందు చక్రం మీద బరువు తేలిపోతుంది. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ ఊగుతుంది, వాన పడ్డ రేగడి మీద ముందు చక్రం పట్టు తప్పుతుంది. పైగా మరీ నిటారుగా కూర్చుంటే గుంత దెబ్బ వెన్నుపూసల గుండా నేరుగా మెడకు పోతుంది. ఒంటిని రవ్వంత ముందుకు వాల్చి, మోచేతులు కొద్దిగా మడిచి కూర్చుంటే ఆ దెబ్బను నడుమూ చేతులూ పంచుకుంటాయి. మేడి మరీ ఎత్తైతే కర్రు దిగదని వడ్లాయన చెప్పింది ఇదే.

స్కూటీ నడిపే ఆడవాళ్ల సంగతి వేరు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, బడి టీచర్లు ఊళ్లు తిరిగేది వాటి మీదే. స్కూటీ హ్యాండిల్ తిప్పుకునేది కాదు. వాళ్ల బాధ ఎక్కువగా లివర్లతో. చిన్న చేతులకు బ్రేకు లివరు దూరం, పట్టుకోవడానికి వేళ్లు సాగదీయాలి, రోజంతా ముంజేయి నొప్పి. డ్రమ్ము బ్రేకైతే చక్రం దగ్గరి నట్టు సర్ది, బ్రేకు ఎక్కడ పట్టాలో వాళ్ల చేతికి తగ్గట్టు పెట్టించుకోవచ్చు. చక్రం వదులుగా తిరుగుతుందో లేదో చూసుకుంటే చాలు. సీటు మరీ వెనక్కి జారి కూర్చునేలా ఉంటే కవరు మార్పించుకోవచ్చు. నట్టు సర్దడం ఐదు నిమిషాల పని. ఏ మెకానిక్కూ వాళ్లను అడగడు, వాళ్లూ చెప్పరు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

చట్టం ఎక్కడిదాకా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని విడిభాగాలు బిగిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వికలాంగుల కోసం బండిని మార్చుకునే వాళ్లకు చట్టంలో వేరే దారి ఉంది, ఆర్టీవో దగ్గర రాయించుకోవాలి. కంపెనీ హ్యాండిల్‌నే, కంపెనీ క్లాంపులోనే, గోరు మందం తిప్పుకోవడం మాత్రం కొత్త భాగం బిగించడం కాదు, సర్దుబాటు. భుజాలు దాటి ఆకాశానికి లేచిన హ్యాండిళ్లు వేసుకుని తిరిగే కుర్రాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారు. నా బాధ రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే పాలాయన గురించి.

ప్రపంచంలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదని కాదు. ఇంగ్లండులో విన్సెంట్ అనే కంపెనీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందూ తర్వాతా చేసిన బండ్లలో కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, బ్రేకు పెడళ్లు మనిషి కొలతకు జరుపుకునేలా ఉండేవి. ఆ కంపెనీ 1955లో బండ్లు చేయడం ఆపేసింది. అదే ఏడాది మద్రాసులో బుల్లెట్లు బిగించే కంపెనీ ఏర్పడింది. మన ఊళ్లను నిజంగా మార్చిన బండ్లు తర్వాత వచ్చాయి, 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్. పెట్రోల్ తక్కువ తాగే బండి దొరికిందన్న సంతోషంలో చేతులు ఎక్కడున్నాయో ఎవరూ అడగలేదు. కొత్త బండి ఇచ్చేటప్పుడు షోరూంలో దండ వేస్తారు, స్వీటు పెడతారు, ఫొటో తీస్తారు. ఆ పది నిమిషాల్లో రెండు నిమిషాలు కొన్న మనిషిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, లివర్లు ఆయన చేతికి సర్ది పంపితే ఎంత బాగుండు. పానా అక్కడే ఉంటుంది కదా.

నా బండి సర్దిన మెకానిక్, నేను వెళ్లేటప్పుడు ఒక మాట చెప్పాడు. "పది దినాలు నడిపి చూడు దాదా. మంచిగనిపించినా రా, అనిపించకున్నా రా." పదో రోజున పోయాను. నొప్పి లేదన్నాను. ఆయన తల ఊపి, పానా తీసుకుని, నాలుగు బోల్టులూ ఒక్కొక్కటే పట్టి చూశాడు. వెనక ఎడమదానికి పావు చుట్టు తిరిగేంత వదులొచ్చింది. బిగించాడు. డబ్బులు తీయబోతే వద్దన్నాడు. అప్పటికే షెడ్డు ముందు ఇంకో బండి ఆగింది. దిగిన పాలాయన క్యాన్లు దించకుండానే కుడి అరచేతిని రుద్దుకుంటున్నాడు. మెకానిక్ ఆయన బండిని సెంటర్ స్టాండు వేసి, "కూసో కాకా" అన్నాడు.